పాత సినిమాను తిట్టే ముందు రిమోటు చేతిలోకి తీసుకోండి

సంపాదకుల వారికి నమస్కారం.

నలుపు తెలుపు సినిమాల మీద మీ ఉత్తరాల పేజీలో పాఠకులు రాస్తున్న అభిప్రాయాలు చదివాక ఈ నాలుగు ముక్కలు రాయాలనిపించింది. మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తారని ఒకరు రాశారు. మొహాలు తెల్లగా పాలిపోయి, కళ్ళు ముక్కు తప్ప ఏమీ తెలియడం లేదని మరొకరు. పాటల్లో గొంతులు కీచుగా ఉన్నాయనీ, సన్నివేశం మధ్యలో ఎగిరిపోతోందనీ ఇంకొందరు. ఇందులో చాలా ఫిర్యాదులు నిజమే. కానీ అవి సినిమా మీద చేయాల్సినవి కావు. కొన్ని టీవీ మీద, కొన్ని ఆ కాపీ తయారుచేసిన వాళ్ళ మీద చేయాలి. కాలక్షేపానికి సినిమా చూసేవారికి ఈ తేడా ఎవరూ చెప్పరు కాబట్టి, చెడు కాపీ చూసి ‘మాయాబజార్’ బాగా లేదనుకునేవాళ్ళు తయారవుతున్నారు.

ముందు లావు సంగతి. 1950ల్లో మన సినిమాలు 35 ఎం.ఎం. ఫిల్ము మీద 1.37:1 నిష్పత్తిలో తీసినవి. బొమ్మ ఎత్తు 1 అడుగైతే వెడల్పు అడుగుకు మూడోవంతు కన్నా కాస్త ఎక్కువ కలిపినంత. పాత డబ్బా టీవీ తెర 4:3, అంటే దాదాపు అదే ఆకారం. ఇప్పటి టీవీ తెర 16:9. పక్కల ఖాళీ ఉండకూడదని బొమ్మను అడ్డంగా లాగితే వెడల్పు సరిగ్గా మూడోవంతు పెరుగుతుంది. సన్నని అమ్మాయి మధ్యవయసు ఇల్లాలైపోతుంది, ఎస్వీ రంగారావు తెర పట్టనంత అవుతాడు. పక్కల నల్ల పట్టీలు కనిపిస్తే డబ్బు వృథా అయినట్టు బాధపడేవాళ్ళున్నారు. ఆ పట్టీలు ఉంటేనే బొమ్మ సరిగా ఉన్నట్టు.

లాగడం కన్నా చెడ్డది కోయడం. కొందరు బొమ్మను లాగకుండా పెద్దది చేసి, పైనా కిందా కత్తిరించి తెర నింపుతారు. మనుషులు సన్నగానే ఉంటారు కాబట్టి మోసం తెలియదు. కానీ ఎత్తులో నాలుగోవంతు పోతుంది. సాంఘికాల్లో సర్దుకుపోవచ్చేమో గానీ పౌరాణికాల్లో కుదరదు. కిరీటం, నెమలిపింఛం పెట్టుకున్న మనిషికి తల మీద జానెడు చోటు కావాలి. ఆ చోటు లెక్కేసుకునే కెమెరా పెట్టారు. కోసిన కాపీలో కృష్ణుడి పింఛం సగం ఉండదు. నృత్యం వచ్చిందంటే పాదాలు కనపడవు. అందెలు మోగుతుంటాయి, కాళ్ళుండవు.

లాగారో లేదో తేల్చడం సులువు. తెర మీద గుండ్రని వస్తువు వచ్చినప్పుడు ఆపి చూడండి. చంద్రుడు, రథచక్రం, గోడ గడియారం, నుదుటి బొట్టు, ఏదైనా సరే. కోడిగుడ్డులా అడ్డంగా ఉంటే లాగినట్టే. అప్పుడు రిమోటులో పిక్చర్ సైజ్ అనో, ఆస్పెక్ట్ రేషియో అనో ఉన్నచోటికి వెళ్ళి 4:3 పెట్టండి. కేబుల్ పెట్టె ఉంటే దాని సెట్టింగుల్లోనూ ఇదే ఉంటుంది. పెట్టె ఒకవైపు లాగి, టీవీ ఇంకోవైపు కోస్తే అసలు ఆకారం చచ్చినా రాదు. పెట్టెను అసలు ఆకారానికి వదిలేసి, మార్పు టీవీలో మాత్రమే చేయండి. యూట్యూబ్‌లో పెట్టినవాళ్ళే లాగి పెడితే కొన్ని టీవీల్లో ఈ మీట పనిచేయదు. కంప్యూటర్లో, వీడియో ప్లేయరైన వీఎల్‌సీలో చూసేవారు కీబోర్డు మీద ‘ఎ’ అక్షరం నొక్కుతూ పోతే ఒక్కో నిష్పత్తీ మారుతుంది, 4:3 దగ్గర ఆగాలి. కదలికలో అంచుల వెంట సన్నని అడ్డగీతలు లేస్తుంటే ‘డి’ నొక్కండి. పాత టీవీ ప్రసారాల కోసం చేసిన కాపీల్లో వచ్చే జబ్బు అది. ఫోన్లో చూసేవారు రెండు వేళ్ళతో బొమ్మ పెద్దది చేయడం మానుకోండి, అది కోతే.

ఇక పాలిపోయిన మొహాలు. కొత్త టీవీ దుకాణంలో మెరిసేందుకు వివిడ్, డైనమిక్ అనే పద్ధతిలో పెట్టి ఇస్తారు. అది క్రికెట్‌కు పనికొస్తుంది, సావిత్రికి పనికిరాదు. సినిమా అనో మూవీ అనో ఉన్న పద్ధతికి మార్చండి. తర్వాత షార్ప్‌నెస్ సున్నా దగ్గరికి దించండి. ఎక్కువ పెడితే ఫిల్ములోని సహజమైన సన్నచుక్కల నూగు ఇసుకలా లేచి, ముక్కు పక్కన తెల్లగీత పుడుతుంది. నాయిస్ రిడక్షన్ తీసేయండి. నూగు తుడిచే పేరుతో చీర జరీనీ, మీసం వెంట్రుకల్నీ కూడా తుడిచేస్తుంది. కదలికను నున్నగా చేసే సదుపాయం ఒకటుంటుంది, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది, దాన్నీ తీసేయండి. సెకనుకు 24 బొమ్మలతో తీసిన సినిమాకు అది మధ్యలో లేని బొమ్మలు కల్పించి కలుపుతుంది. కత్తియుద్ధాల్లో చేతులు నీళ్ళలో తిరుగుతున్నట్టు కనిపించేది దీనివల్లే.

బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ సరిచేయడానికి పరికరాలేవీ అక్కర్లేదు. బ్రైట్‌నెస్‌కు జుట్టు చూడండి. నాయిక జడ తిప్పి వెళ్ళే షాట్ దగ్గర ఆపి, పాయలు విడివిడిగా కనిపించేదాకా పెంచండి. నల్లచోటు బూడిదరంగులోకి తిరిగితే ఒక మెట్టు తగ్గించండి. కాంట్రాస్ట్‌కు పంచె చూడండి. తెల్ల పంచె కుచ్చిళ్ళ మడతలు కనపడేదాకా తగ్గించుకుంటూ రండి. జుట్టూ పంచే రెండూ కుదిరాయంటే మధ్యలో ఉన్న మొహాలు వాటంతటవే కుదురుతాయి. ఎంత తిప్పినా జడ ఒకే నల్లముద్దగా, పంచె ఒకే తెల్లముద్దగా ఉంటే తప్పు టీవీది కాదు, కాపీదే, అక్కడితో వదిలేయండి. చివరగా రంగు, అంటే కలర్ అనే మీట, సున్నా చేయండి. వీడియో టేపు నుంచి దింపిన కాపీల్లో తెలుపు మీద పాకే ఆకుపచ్చ, నీలం చారలు దాంతో పోతాయి. ఒక్క జాగ్రత్త: 1960ల్లో కొన్ని సినిమాలు పాక్షిక వర్ణ చిత్రాలుగా వచ్చాయి, ఒకటి రెండు పాటలు మాత్రం రంగుల్లో తీసేవారు. అలాంటిది చూస్తూ మీట సున్నాలోనే ఉంచితే నిర్మాత పెట్టిన రంగుల ఖర్చు గంగలో కలిసినట్టే.

కాపీ సంగతికొస్తే, నెగటివ్ నుంచి ప్రింటు, ఆ ప్రింటు నుంచి ఇంకో నెగటివ్, దాన్నుంచి మళ్ళీ ప్రింటు. ఇలా తరం మారినప్పుడల్లా నలుపూ తెలుపూ ఇంకా గట్టిపడి, మధ్యలోని బూడిద ఛాయలు చచ్చిపోతాయి. టీవీ సరిచేశాక కూడా మొహాలు పాలిపోయే ఉంటే కారణం ఇదే. మచ్చల్ని బట్టి కూడా కాపీ జాతకం కొంత చెప్పొచ్చు. నెగటివ్ మీద పడ్డ దుమ్ము తెర మీద తెల్లచుక్కగా వస్తుంది, ప్రింటు మీద పడ్డ దుమ్ము నల్లచుక్కగా వస్తుంది. నల్లచుక్కలూ నిలువుగీతలూ నిండా ఉంటే హాళ్ళలో అరిగిపోయిన ప్రింటు నుంచి తీశారని అర్థం. ‘మల్లీశ్వరి’ మొదట్లో వానకు పాడుబడ్డ మండపంలో తలదాచుకునే ఘట్టం ఉంది. చెడ్డ కాపీలో అసలు వాన ఏదో గీతల వాన ఏదో తెలియదు.

సన్నివేశం ఎగిరిపోవడానికి కూడా కారణముంది. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు నడుస్తుంది. రెండు కలిపి చుట్టి ప్రొజెక్టరుకు ఎక్కించేవారు. ప్రతి ఆటకూ ఎక్కువ చేతులు పడేది రీలు మొదటి, చివరి అడుగుల మీదే. అక్కడ తెగితే నాలుగు బొమ్మలు కత్తిరించి అతికిస్తారు, మళ్ళీ తెగితే ఇంకో నాలుగు. అందుకే 10, 20 నిమిషాలకోసారి మాట మధ్యలో తెగి, మనిషి గుమ్మం దగ్గర మాయమై కుర్చీలో తేలతాడు. ఆ ఎగురుడుకు కాస్త ముందు తెర పైన కుడిమూల ఒక చుక్క చటుక్కున మెరిసి పోతుంది. రెండో ప్రొజెక్టరు సిద్ధం చేసుకోమని ఆపరేటరుకు సంకేతం అది. ఆ చుక్క కనపడితే సంతోషించండి, పైభాగం కోయలేదన్నమాట.

ఈమధ్య 4కె అని పేరు పెట్టి వస్తున్న వాటిని నమ్మకండి. చాలావరకు పాత వీడియోనే కృత్రిమ మేధతో పెద్దది చేసి పెడుతున్నారు. దగ్గరి షాట్లలో చర్మం మైనం పూసినట్టు నున్నగా ఉంటుంది. దూరపు షాట్లలో గుంపులో నిలబడ్డవాళ్ళ కళ్ళు వంకరపోతాయి. నగలు చూస్తే ఇట్టే దొరికిపోతుంది: తల తిప్పినప్పుడల్లా కంటె ఆకారం మారుతుంటుంది. అంతకన్నా కొంచెం మసగ్గా ఉన్న పాత 480 గీతల తక్కువ నాణ్యత కాపీయే నయం, అందులో ఉన్నదేదో ఉన్నట్టుంది.

ధ్వనికి రెండు జబ్బులు. ఆ రోజుల్లో శబ్దం ఫిల్ము అంచున ఒకే ట్రాకుగా ఉండేది, పెద్ద మోత గానీ సన్నని తీగనాదం గానీ అందులో పూర్తిగా పట్టేది కాదు. సరౌండ్, బేస్ బూస్ట్ పెడితే అందులో లేని మోత రాదు, ఉన్న గుయ్యిమనే రొద రెట్టింపవుతుంది. అవి తీసేసి, మాట స్పష్టంగా వచ్చే స్పీచ్ పద్ధతి పెట్టుకోండి. ఇక గొంతు కీచుదనం. సెకనుకు 24 బొమ్మల సినిమాను మన టీవీ పద్ధతికి సరిపడేలా 25 చొప్పున పరిగెత్తిస్తే వేగం 4 శాతం పెరుగుతుంది, శ్రుతి అర స్వరం కన్నా కాస్త తక్కువగా పైకి లేస్తుంది. ఘంటసాల గొంతులో బరువు తగ్గినట్టనిపించే కాపీలు చాలావరకు ఇవే. వీఎల్‌సీలో ప్లేబ్యాక్ వేగం 0.96 పెట్టి చూడొచ్చు, కాకపోతే శ్రుతిని పట్టి ఉంచే సదుపాయం తీసేయాలి, లేకపోతే పాట నెమ్మదిస్తుంది గానీ గొంతు దిగదు.

ఆ పరుగు వల్ల నిడివీ తగ్గుతుంది. 180 నిమిషాల సినిమా 173 అవుతుంది. దాన్ని కోత అనుకోకూడదు. అంతకన్నా తగ్గితే మాత్రం ఎక్కడో కత్తెర పడింది. మొదట్లో సెన్సారు సర్టిఫికెట్ చూపిస్తే ఆపి చదవండి. రీళ్ళ సంఖ్య, పొడవు అందులో ఉంటాయి, పాతవాటిలో అడుగుల్లో, తర్వాతివాటిలో మీటర్లలో. అడుగుల్ని 90తో, మీటర్లను 27.4తో భాగిస్తే నిమిషాలు వస్తాయి. 16,200 అడుగులంటే సరిగ్గా 3 గంటలు. మీరు చూస్తున్నది 2 గంటల 20 నిమిషాలైతే పాటలో, పద్యాలో, హాస్యమో పోయినట్టు. కథ అతుకుల బొంతలా ఉందని అలాంటి కాపీ చూసి తీర్పు చెప్పడం దర్శకుడికి అన్యాయం.

రంగు లేకపోవడమే లోటనేవారికి ఒక మాట. ఆ కాలపు ఛాయాగ్రాహకులు ఉన్న రంగులు పోగొట్టుకుని నలుపు తెలుపుతో సరిపెట్టుకోలేదు, బూడిద ఛాయలతోనే పనిచేశారు. ఎరుపు చీరా పచ్చ చీరా తెర మీద ఒకే బూడిదరంగుగా కలిసిపోగలవు. కాబట్టి సెట్టుకీ బట్టలకీ రంగు ఎంచేటప్పుడే అది ఏ ఛాయగా పడుతుందో చూసుకోవాలి. నల్లజుట్టు చీకటి గోడలో కలిసిపోకుండా వెనక నుంచి దీపం పెట్టాలి, భుజాల అంచున వెలుగుగీత అదే. విజయా వారి ‘పాతాళభైరవి’ (1951), ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957), ‘గుండమ్మ కథ’ (1962) నాలుగింటికీ కెమెరా మార్కస్ బార్ట్‌లేది. ఆయన వెన్నెల ఎంత పేరుపడిందో చూడాలంటే ‘మాయాబజార్’లో పడవ పాట చాలు. ఆ పాట చాలావరకు స్టూడియోలో దీపాలతో తీసిందే. నీటి మీద తళుకు, మొహం మీద మెత్తని వెలుగు, వెనక చెట్ల ముదురుఛాయ మూడూ విడివిడిగా నిలుస్తాయి. అదే పాట వివిడ్‌లో పెట్టి చూడండి, నీరంతా తెల్లటి రేకులా ఒక్కటైపోతుంది.

ఆ సినిమాకు రంగులు వేసి 2010 జనవరి 30న సినిమాస్కోపులో, డీటీఎస్ ధ్వనితో విడుదల చేశారు. కొత్త తరాన్ని హాలుకు రప్పించింది, కాదనను. కానీ కొన్ని పాటలూ పద్యాలూ అందులో లేవు. నీడలతో లోతు చూపించాలని వెలుగు పెట్టిన బొమ్మకు మీద రంగు పూస్తే నీడలు మురికిగా కనిపిస్తాయి. పిల్లలకు మొదటిసారి చూపించాలంటే రంగుల ప్రతి పెట్టుకోండి, మీరు చూసేటప్పుడు అసలు ప్రతే చూడండి. తెలుగులో పూర్తి రంగుల సినిమా 1963లోనే ‘లవకుశ’తో వచ్చేసింది. ఆ తర్వాత పదిహేనేళ్ళకు, రంగు మామూలైపోయిన రోజుల్లో, 1978లో ‘మరో చరిత్ర’ను బి.ఎస్. లోకనాథ్ కెమెరాతో నలుపు తెలుపులోనే తీశారు. సముద్రం నీలం కాకుండానే ఆ సినిమా జనానికి ఎక్కింది.

పాతవన్నీ బంగారమని ఈ ఉత్తరం ఉద్దేశం కాదు. కథతో పొత్తు లేని హాస్యజంట ట్రాకు, రీలు నింపడానికి పెట్టిన రెండో డ్యాన్సు, ఒకే నీతిని నాలుగు పాత్రలచేత చెప్పించడం ఆనాడూ ఉన్నాయి, విసుగే. వాటిని దాటేసి చూసినా పాపం లేదు. నాటకంలా ఉంటుందన్న ఫిర్యాదు మాత్రం సగమే ఒప్పుకోవాలి. కెమెరా బరువైనది, దాని చప్పుడు మైకులో పడకుండా కవచం వేస్తే ఇంకా బరువు. చాలాసార్లు మాట సెట్టులోనే రికార్డయ్యేది, మైకు తెర పైఅంచుకు అవతల వేలాడేది, నటుడు దానికి అందేలా నిలబడి మాట్లాడాలి. అందుకే నలుగురూ ఒక వరసలో నిలబడ్డట్టుంటుంది. అయితే ఆ నిలబడ్డ చోటునుంచే ఎస్వీ రంగారావు ఒక్క కనుబొమ్మతో పని జరిపించేవాడు. ‘నర్తనశాల’ (1963)లో ఆయన కీచకుణ్ణి చూస్తే కదలకపోవడం లోపమని ఎవరూ అనరు. పద్యం దగ్గర ఫాస్ట్ ఫార్వర్డ్ నొక్కేవారికి ఒక చిన్న కిటుకు: ముందు పద్యం మాటలు ఒకసారి చదువుకుని ఆ తర్వాత వినండి. రాగం తీసినంతసేపూ అర్థం కోసం వెతుక్కోనక్కర్లేదు.

కొత్తగా చూసేవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలన్నదానికి అందరూ ‘మాయాబజార్’ అంటారు. ‘మిస్సమ్మ’ అనడమే మేలు. మాటల హాస్యం కాబట్టి కాపీ కాస్త చెడ్డదైనా నిలబడుతుంది, మతం వేరైన ఇద్దరు ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాలుగా నటించే కథ ఇప్పటివారికీ పరాయిదనిపించదు. తర్వాత ‘గుండమ్మ కథ’, సూర్యకాంతం కోసం. దేవుళ్ళూ రాజులూ వద్దనేవారికి ‘షావుకారు’ (1950), ఊరి పెద్దల బండారం బయటపెట్టే ‘పెద్దమనుషులు’ (1954) ఉన్నాయి. అందులో రేలంగి తిక్క శంకరయ్యను చూశాక ఆయన్ను వట్టి నవ్వించే నటుడనరు. ‘మాయాబజార్’ మూడోవారం పెట్టుకోండి, ఇంటిల్లిపాదీ ఉన్న రోజున, మధ్యలో భోజనం విరామంతో. ‘మల్లీశ్వరి’ (1951) మాత్రం మంచి కాపీ దొరికేదాకా ఆగండి. ఆది ఇరానీ, కొండారెడ్డి కెమెరా, ఎ.కె. శేఖర్ సెట్లు, కృష్ణశాస్త్రి పాటలు అన్నీ నెమ్మదిగా ఎక్కేవి, మసక బొమ్మలో సగం పోతాయి. ‘దేవదాసు’ (1953) మీద నా అభిప్రాయం చాలామందికి నచ్చదు: సుబ్బురామన్ పాటలు లేకపోతే రెండో సగం బరువు మోయడం కష్టం.

1932లో వచ్చిన మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. అప్పటి నైట్రేట్ ఫిల్ము నిప్పు రవ్వకే అంటుకునేది, తర్వాత వచ్చిన ఎసిటేట్ ఫిల్ము ఉక్కపోతలో పుల్లటి వెనిగర్ వాసన వేస్తూ ముడుచుకుపోతుంది. ఎమల్షన్‌లో (ఫిల్ము మీది పూతలో) ఉన్న వెండి కోసం పాత ప్రింట్లు కరిగించినవాళ్ళూ ఉన్నారు. మిగిలినవాటినైనా లాగకుండా, కోయకుండా చూపమని టీవీ ఛానళ్ళను అడగడం ఎక్కువేమీ కాదు. మూలన ఒక లోగో, కింద నడిచే ప్రకటన, పక్కన వచ్చే సీరియల్ బొమ్మ, ఇన్ని పెట్టాక నల్ల పట్టీలకు మాత్రం చోటు లేదంటారు. ఆ ప్రకటనలేవో ఆ పట్టీల్లోనే వేసుకోవచ్చు.

మీ పత్రికకు ఒక విన్నపం. రోజూ మీరు వేసే టీవీ కార్యక్రమాల పట్టికలో పాత సినిమా పేరు పక్కన విడుదలైన సంవత్సరం, అసలు నిడివి నిమిషాల్లో వేయండి. 180 నిమిషాల సినిమాకు ప్రకటనలతో కలిపి రెండున్నర గంటలే ఇస్తే, ఎంత కత్తిరించారో పాఠకుడు పట్టిక చూసే లెక్కగట్టుకుంటాడు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం